టాపు కొయ్యకు బిడ్డా!

పోయిన ఆదివారం పొద్దున్నే మా బామ్మర్ది ఫోన్. "బావా, వాట్సాప్ చూసినవా? జనగామల అమెరికా బండి అమ్మకానికొచ్చింది. పోయి చూసొద్దాం, నడు" అన్నాడు.

మావోడిది మహబూబాబాద్. పెళ్లి ఊరేగింపులకు బండ్లు కిరాయికిస్తాడు. టాపు లేని జీపులో పెళ్లికొడుకు నిలబడి రావడం ఇప్పుడు ట్రెండు కదా! పాత జీపు కనబడితే చాలు, వాడికి నిద్ర పట్టదు. ఫొటో చూశా. ముందు అచ్చం జీపు మూతి. వెనకంతా పొడుగ్గా, పెట్టెలా, నిండా కిటికీలతో. విల్లీస్ స్టేషన్ వ్యాగన్!

మానుకోటలో రైలెక్కి జనగామలో దిగాం. బయటికి రాగానే "ఆటో, ఆటో" అని అరుపులు. అసలు స్టేషన్ వ్యాగన్ అనే పేరు పుట్టింది ఇక్కడే. అంటే జనగామలో కాదు, రైల్వే స్టేషన్ దగ్గర. వందేళ్ల కింద అమెరికాలో రైలు దిగినోళ్లను, వాళ్ల పెట్టెలను ఇంటికో హోటల్‌కో చేర్చే బండ్లకు ఆ పేరొచ్చింది. మన దగ్గర జట్కా చేసిన పనే అనుకోండి. మొదట్లో వాటి బాడీ చెక్కతో ఉండేది. వానకు నానేది, కిర్రుమనేది. 1946లో విల్లీస్ కంపెనీ మొత్తం ఉక్కు బాడీతో ఈ వ్యాగన్ దింపింది. డిజైన్ చేసింది బ్రూక్స్ స్టీవెన్స్. మన దేశంలో విల్లీస్ జీపులు బిగించిన మహీంద్రా వాళ్లు 1960ల్లో ఈ వ్యాగన్ కూడా తయారుచేశారు. అలా వచ్చిన బండే ఇది.

ఇంటి వెనక రేకుల షెడ్డు. బండి మీద పాత దుప్పటి. తాత దుప్పటి తీస్తుంటే మా ఇద్దరికీ మాట రాలేదు. "మా నాయిన 1966ల కొన్నడు బిడ్డా. రంగు సుత మార్వలే" అన్నాడు.

నేను జేబులోంచి ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం తీశా. పాత బండి కొనేటప్పుడు ఇది మంచి చిట్కా, గుర్తుపెట్టుకోండి. రేకు ఉన్నచోట అయస్కాంతం గట్టిగా పట్టుకుంటుంది. తుప్పు మీద పుట్టీ మెత్తి రంగేస్తే అక్కడ జారిపోతుంది. బండి చుట్టూ తిరిగితే ఒక్కచోటే జారింది, ఎడమ వెనక చక్రం పైన. తాత నవ్విండు. "ఆడ ఎడ్లబండి తాకింది. నేను తోలుతుంటే. మా నాయిన వారం రోజులు మాట్లాడలే."

వెనక డోరు రెండు ముక్కలు. పై సగం పైకి, కింది సగం కిందికి తెరుచుకుంటుంది. కింది సగం మీద కూర్చుని తాత చెప్పుకుంటూ పోయిండు. "కాళేశ్వరం పోతే ఇంటిల్లిపాది ఇండ్లనే. భూపాలపల్లి దాటినంక అంత అడివే. గిట్ల డోరు దించి, గిదే పీట లెక్క జేసుకొని సద్ది తినేటోళ్లం. మీ అవ్వ పెండ్లయి అచ్చింది సుత గిండ్లనే."

ఇప్పుడా అవ్వకే మోకాళ్ల ఆపరేషన్. అందుకే అమ్మకం. రేటు 6 లక్షలు చెప్పాడు.

"కొన్నంక ఏం జేస్తరు?" అని తాత అడిగాడు. మావోడు దాచలేదు. "టాపు కోసి, ఓపెన్ జీపు చేసి, పెండ్లిళ్లకు తిప్పుత తాతా."

తాత లేచి బండి టాపు మీద చెయ్యేసి కాసేపు అట్లే నిలబడ్డాడు. "రేటు తగ్గియ్యమంటే తగ్గిస్త. టాపు కొయ్యకు బిడ్డా" అన్నాడు.

అప్పుడు నేను ఫోన్ తీసి మావోడికి రూల్స్ చూపించా. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉంటేనే వింటేజ్ కింద లెక్క. పాత నంబరు ఉన్న బండికి ఆ నంబరే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేస్తే 'వీఏ' అక్షరాలతో నంబరిస్తారు. దానికి ఫీజు 20 వేలు, 10 ఏళ్లు చెల్లుతుంది. ర్యాలీకో, ప్రదర్శనకో, రిపేరుకో తీసుకెళ్లొచ్చు. రోజూ తిప్పకూడదు. కిరాయికి అసలే తిప్పకూడదు.

అంటే, టాపు కోస్తే వింటేజ్ అన్న విలువ పోతుంది. కొయ్యకుండా వింటేజ్ కింద పెడితే కిరాయికి పనికిరాదు. మావోడు తల గోక్కున్నాడు. "అయితే ఇది మనకు కాదు బావా" అన్నాడు. వాడిది తప్పు అననండి. వాడి పొట్టకూటి లెక్క వాడిది. కానీ దేశంలో ఓపెన్ జీపులకు కొదవ లేదు. టాపుతో, అదే రంగుతో మిగిలిన ఇలాంటి వ్యాగన్‌ను ఒకసారి కోస్తే మళ్లీ అతికించలేం.

ఉత్త చేతులతో రాలేదు. మావోడే బండి కడిగిండు. నేను ఫొటోలు తీశా. ఛాసిస్ నంబరు ఆర్సీ బుక్కుతో సరిపోయిందో లేదో చూశా. పుట్టీ ఉన్న చోటు కూడా దాచకుండా ఫొటో పెట్టి, పాత బండ్లు సేకరించే వాళ్ల కోసం కొత్త ప్రకటన రాసిచ్చా. ఆఖర్న తాత చెప్పిన మాట చేర్చా: టాపు కోసేవాళ్లు ఫోన్ చెయ్యొద్దు.

నిన్న తాతకు ఫోన్ చేశా. ఇద్దరు అడిగారట. ఒకాయన కోస్తానన్నాడట, తాత ఫోన్ పెట్టేశాడట. ఇంకొకాయన వచ్చే ఆదివారం చూడ్డానికి వస్తానన్నాడట.

"అయస్కాంతం తెచ్చుకొమ్మని చెప్పిన బిడ్డా" అన్నాడు తాత.