తట్ట దింపారు, సీటెవరికిచ్చారు?

నాగార్జునసాగర్ రాతి డ్యాం ఎవరి తలల మీద లేచింది? 1955లో శంకుస్థాపన చేసిన నెహ్రూ పేరు అందరికీ తెలుసు. రాయి మోసిన కూలీ పేరు ఎవరికీ తెలియదు. ‘పాలమూరు లేబరు’ అని దేశమంతా పిలిచింది. గుంపు మేస్త్రీ ఊరికొచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, లారీ ఎక్కించుకుని పోయేవాడు. మొగుడు తవ్వితే పెళ్లాం తట్ట మోసేది. ఊళ్లో మనకు భూమి లేదు గనకనే బయట మనకు తట్ట దక్కింది.

ఇప్పుడు ఆ తట్ట కూడా పోతోంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తూనే ఉన్నాయి. హైవేల వెంబడి గోదాములు, శ్రీసిటీ లాంటి చోట్ల ఫ్యాక్టరీ షెడ్లు. వీటిని కట్టే పద్ధతే మారిపోయింది. కాంక్రీటు ప్లాంటులో కలిపి తిరిగే డ్రమ్ము లారీలో తెస్తారు, పంపు పైపుతో పై అంతస్తుకు ఎక్కిస్తారు. తట్టలు అందించుకునే వరస అక్కడ లేదు. గోదాముకైతే ఇనప స్తంభాలు, దూలాలు ఎక్కడో ఫ్యాక్టరీలో కొలత ప్రకారం తయారై వస్తాయి. క్రేను లేపుతుంది, నలుగురు బోల్టులు బిగిస్తారు, పైన రేకు పరుస్తారు. కొన్నిచోట్ల గోడలూ స్లాబులూ కూడా పోతపోసి తెచ్చి నిలబెడుతున్నారు. నెలల పని వారాల్లో అయిపోతోంది.

తట్ట పోయిందని మనం ఏడవాలా? అక్కర్లేదు. తట్ట మనకు కిరీటం కాదు. మన అమ్మల మెడలు వంగిపోయింది దాని కిందే. బరువును మిషను మోస్తే మంచిదే. మన ప్రశ్న వేరు. బరువు మోసినన్నాళ్లూ మనం కావలసి వచ్చాం. మిషను వచ్చాక దాని సీటు మీద కూర్చునేది ఎవరు? క్రేను నడిపేవాడు, వెల్డరు, కొలతలు చూసే సూపర్వైజరు మన వాడల నుంచి ఎంతమంది? అందరికంటే ముందు పని పోయింది తట్ట మోసిన ఆడమనిషికి. ఆమెను ఏ మిషను దగ్గరికైనా పిలిచారా? కట్టేటప్పుడు చోటు లేదన్నవాళ్లే, కట్టాక చీపురు ఇచ్చి లోపలికి రమ్మంటున్నారు. బరువు మారింది గాని కులం చూపించిన చోటు మారలేదు.

ఇంకో మాట. బీహారు, జార్ఖండ్, ఒడిశా వాళ్లొచ్చి మన పని లాక్కున్నారని కొందరంటున్నారు. వాళ్లూ మనలాగే భూమి లేక, అప్పు తీరక రైలెక్కినవాళ్లు. నిన్నటి పాలమూరు లేబరే నేటి బీహారు లేబరు. కులం పనివాళ్లనే ముక్కలు చేస్తుందని బాబాసాహెబ్ 1936లోనే హెచ్చరించారు. ఇప్పుడు రాష్ట్రం పేరుతో ఇంకో ముక్క చేసుకుందామా?

అడగవలసింది కట్టించేవాణ్ణి, సర్కారును. భవన కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది. స్థలం ధర పోను కట్టుబడి ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు కట్టాలి. నూరు కోట్ల గోదాముకు కోటి రూపాయలు. ఆ డబ్బు కార్మికుడిది. ఏమైంది? 37,400 కోట్లకు పైగా వసూలైతే కార్మికుల కోసం ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని 2018లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం పోయి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. సెస్సు మాత్రం పోలేదు. నూటికి ఒకటి తగ్గకూడదు, రెండు దాటకూడదు అని రాశారు. పద్దెనిమిదేళ్లు నిండి అరవై దాటని వాళ్లు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే పేరు నమోదు చేయించుకునే హక్కుంది.

కాబట్టి కార్యకర్తలు చేయవలసిన పని ఇది. వాడవాడా తిరిగి కట్టుబడి పనికి పోయేవాళ్ల లిస్టు రాయండి. ఆడవాళ్ల పేర్లు భర్త పేరు కింద కాదు, విడిగా రాయండి. ఏ మేస్త్రీ కింద, ఏ సైటులో, ఎన్ని రోజులు చేశారో నోటుబుక్కులో ఎక్కించండి. రేపు 90 రోజుల లెక్క అడిగితే అదే మన నోరు. లేబర్ ఆఫీసుకు ఒక్కరుగా పోతే రేపు రమ్మంటారు. యాభైమంది కలిసి పోండి.

రెండోది, పని నేర్పమని అడగండి. 1998లో సర్కారే హైదరాబాదులో కట్టుబడి పనులు నేర్పే అకాడమీ పెట్టింది. జనం న్యాక్ అంటారు. వెల్డింగూ క్రేనూ అక్కడో, సెస్సు డబ్బుతో మండలంలోనో మన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు నేర్పాలి. నేర్చుకున్నన్నాళ్లూ కూలీ ఇవ్వాలి. కూలీ లేకుండా నేర్చుకోమంటే పొయ్యి వెలగని ఇంటివాడు ఎట్లా నేర్చుకుంటాడు?

మన తల మీది తట్ట దింపారు. సంతోషమే. ఇక మిషను మీద సీటు మనది కూడా అని అడుగుదాం.