బయటి మద్దతుతో మిగిలిందేమిటి?

తెలంగాణ వామపక్షాల్లో, ముఖ్యంగా సీపీఎంలో, పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. ఎన్నికల్లో పెద్ద పార్టీతో సీట్ల సర్దుబాటు చేసుకోవచ్చు, గెలిచాక బయటినుంచి మద్దతివ్వచ్చు, మంత్రివర్గంలో మాత్రం చేరకూడదు. చేరితే పాలక పార్టీ పాపాలు తమకూ అంటుకుంటాయని, ఉద్యమాలు చల్లబడతాయని దీన్ని సమర్థించేవారు అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత చరిత్ర ఈ వాదనకు సాక్ష్యం చెప్పదు.

తెలంగాణ సాయుధ పోరాటం నడిచిన నేల ఇది. 1952లో సూర్యాపేట శాసనసభ స్థానంలో ధర్మభిక్షం గెలిచారు. నల్లగొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నారు. మిర్యాలగూడ నుంచి భీమిరెడ్డి నరసింహారెడ్డి 1971, 1984, 1991లో లోక్‌సభకు వెళ్లారు. జూలకంటి రంగారెడ్డి అక్కడి నుంచే 1994, 2004, 2009లో శాసనసభకు ఎన్నికయ్యారు. అయినా ఇన్నేళ్లలో రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీల తరఫున ఒక్కరూ మంత్రి కాలేదు.

మంత్రి పదవి ముట్టకపోతే పార్టీ బలం నిలుస్తుందన్నదే నిజమైతే, ఆ బలం తర్వాతి ఎన్నికల్లో కనిపించాలి. 1994లో తెలుగుదేశంతో కలిసి సీపీఐ 19, సీపీఎం 15 స్థానాలు గెలిచాయి. 2018 తెలంగాణ ఎన్నికల్లో రెండింటికీ కలిపి ఒక్కటీ దక్కలేదు. అధికారంలో చేరకుండానే ఈ క్షీణత వచ్చింది. నిందా తప్పలేదు: 1994లో చేయి కలిపిన పార్టీ పాలనలోనే 2000లో విద్యుత్ చార్జీలపై నిరసన తెలిపినవారిపై బషీర్‌బాగ్ కాల్పులు జరిగాయి. 2004లో చేయి కలిపిన కాంగ్రెస్ పాలనలో 2007లో భూమి అడిగిన పేదలపై ముదిగొండ కాల్పులు జరిగాయి. తాము ఒకప్పుడు గెలిపించిన పార్టీల పాలనలోనే జనం తుపాకులకు బలైతే, ‘మేం బయటే ఉన్నాం’ అన్న మాట ఏ కుటుంబాన్నీ ఓదార్చదు.

ఐర్లండ్ అనుభవాన్ని ఎదురు వాదనగా చూపేవారు ఉన్నారు. అక్కడి లేబర్ పార్టీ 2011లో 37 స్థానాలతో సంకీర్ణంలో చేరి, 2016లో 7కు పడిపోయింది. 2020లో ప్రభుత్వంలో చేరిన గ్రీన్ పార్టీకి 2024 ఎన్నికల్లో 12 స్థానాల్లో ఒకటే మిగిలింది. ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. కానీ కేరళలో సీపీఐ నేత అచ్యుత మీనన్ 1969లో సంకీర్ణ ముఖ్యమంత్రి అయ్యారు. 1970 జనవరి 1 నుంచి కౌలుదారీని రద్దు చేసే చట్టం ఆయన ప్రభుత్వంలోనే అమలైంది. ఆ పార్టీ అక్కడ నేటికీ నిలిచే ఉంది. చేరడమా మానడమా అన్నదానికన్నా, ఏ పని చేతికి తీసుకుని చేరారన్నది ముఖ్యం.

మిర్యాలగూడ, కోదాడ రైతుకు ఆ పని ఏమిటో అందరికీ తెలుసు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరందాలి. మిల్లు దగ్గర తేమ పేరుతో, తరుగు పేరుతో కోత ఆగాలి. ఈ రెండూ నీటిపారుదల, పౌరసరఫరాల శాఖల చేతిలో ఉంటాయి. 2023 డిసెంబరు నుంచి ఆ రెండు శాఖలూ పక్కనున్న హుజూర్‌నగర్ శాసనసభ్యుడు ఉత్తమ్‌కుమార్ రెడ్డి వద్దే ఉన్నాయి. వడ్ల కుప్పల దగ్గర ఎర్రజెండా పట్టుకుని నిలబడే పార్టీ, ఆ శాఖల కుర్చీని అడగడానికి ఎందుకు సంకోచించాలి?

అడిగే సమయం మాత్రం ఎన్నికల ముందే. 1994లోనూ 2004లోనూ పెద్ద పార్టీకి సొంత మెజారిటీ వచ్చింది, ఆ తర్వాత చిన్న పార్టీ మాటకు బరువు లేదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో కమ్యూనిస్టుల ఓట్లు అప్పటి అధికార పార్టీ టీఆర్‌ఎస్‌కు గెలుపు తెచ్చాయి. మరుసటి ఏడాది ఆగస్టులో ఆ పార్టీ వారికి ఒక్క సీటూ వదలకుండా అభ్యర్థుల జాబితా ప్రకటించింది. కాంగ్రెస్‌తో సీట్ల సర్దుబాటు కుదరకపోవడంతో సీపీఎం ఒంటరిగా పోటీ చేసి అన్నిచోట్లా ఓడింది.

వచ్చే సీట్ల చర్చల్లో నియోజకవర్గాల జాబితాతో పాటు శాఖ పేరు, చేయాల్సిన పని, గడువు రాతపూర్వకంగా అడగాలి. ఒప్పుకోకపోతే ఒంటరిగా పోటీ చేయాలి. ఓట్లిచ్చి ఖాళీ చేతులతో బయట నిలబడే పద్ధతిని వామపక్షాలు ఇక మానుకోవాలి.