మన నష్టం లెక్క మన గ్రామసభకు రావాలి



నిరుడు వానల్లో కొండచరియ జారి మా గెడ్డ పక్క వరి మడి సగం పూడిపోయింది. మా అయ్య ఒక ఆఫీసుకు పోతే పట్టా అడిగారు. ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా చూపిస్తే "ఇది మా కంప్యూటర్‌లో రావట్లేదు, ఐటీడీఏకి పో" అన్నారు. అక్కడికి పోతే ఈ-పంట కాగితం తెమ్మన్నారు. అన్నీ పట్టుకుని తిరిగొచ్చేసరికి "72 గంటల్లో చెప్పలేదు" అని పంపేశారు. బస్సు ఛార్జీలు మావే, పోయిన కూలీ మాదే.

ఆలోచించండి. పట్టా వివరం ఐటీడీఏ దగ్గర ఉంది. ఏ పంట వేశామో ఈ-పంటలో ఉంది. పంట కోత ప్రయోగాల దిగుబడి లెక్క ఇంకో శాఖ దగ్గర ఉంది. క్లెయిమ్ ఎంత ఇచ్చారో బీమా కంపెనీ దగ్గర ఉంది. ఈ ముక్కల్ని కలపాల్సింది ప్రభుత్వం. కలుపుతున్నది మా అయ్య కాళ్లు!

ఇంకో మోసం ఉంది. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో దిగుబడి నష్టాన్ని రైతు వారీగా చూడరు, యూనిట్ సగటు చూస్తారు. కొన్ని పంటలకు ఆ యూనిట్ మండలం దాకా పోతుంది. పల్లంలో పండి, పై గూడెంలో పోతే సగటులో మన నష్టం మాయం. నోటిఫై చేయని పంటకైతే బీమానే లేదు. చివరికి "ఆ ఊళ్ల నుంచి క్లెయిములే రాలేదు" అంటారు. క్లెయిమ్ లేదంటే నష్టం లేదనా? మనల్ని నమోదే చేయలేదని అర్థం!

"మన వివరాలన్నీ కలిపితే ఫారెస్టోళ్ల చేతికి పోవా?" అని పెద్దలు అడుగుతున్నారు. ఆ భయం ఊరికే రాలేదు. 2019 ఫిబ్రవరి 13న అటవీ హక్కుల దరఖాస్తులు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశమంతా గొడవ లేచాక అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపేసింది. ఒక జాబితా మన మెడ మీదికి ఎట్లా వస్తుందో అప్పుడే చూశాం.

అందుకే మన డిమాండ్ తేటగా ఉండాలి.

ఒకటి: ఆర్‌ఓఎఫ్‌ఆర్ రికార్డుల్ని ఈ-పంటకు, బీమా పోర్టల్‌కు ఐటీడీఏనే కలపాలి.

రెండు: ప్రతి సీజన్‌లో ఊరి వారీగా ఎంతమంది నమోదయ్యారు, ఎంత నష్టం, ఎన్ని తిరస్కరించారు, ఎందుకు? ఇవన్నీ శాఖలు ఒకరికొకరు ఇచ్చుకోవాలి, గ్రామసభలో చదవాలి. 1996 పెసా చట్టం ఉన్నది గ్రామసభకు బలం ఇవ్వడానికే కదా.

మూడు: పరిహారం కోసం ఇచ్చిన పేరు, ఆధార్, సర్వే వివరం కేసులకో, ఖాళీ చేయించడానికో వాడకూడదు. ఈ మాట రాతలో ఇవ్వాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిగ్రీ చదివినందుకు ఇదొక పని చేయండి. మీ గూడెంలో ఎవరు ఏం వేశారు, ఎంత పోయింది, ఏ ఆఫీసు ఏం చెప్పి పంపింది, ఒక నోటుబుక్కులో రాయండి. మన ఊరి క్లెయిముల లెక్క సమాచార హక్కు కింద అడగండి. వాళ్ల లెక్క, మన లెక్క పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదువుదాం.

జై ఆదివాసీ!