సర్పంచికి చెబితే ఊరికి చెప్పినట్టు కాదు

కొత్త పథకం వస్తే మన మండలాల్లో జరిగే తంతు తెలిసిందే. సర్పంచినీ, డ్వాక్రా లీడర్లనూ, నలుగురు పెద్దలనూ పిలిచి చెప్పేస్తారు. ఊరంతటికీ చెప్పేశామని రిజిస్టర్లో రాసుకుంటారు. మా రావికమతం మండలంలోనూ అంతే.

పెద్దలు అడ్డుపడితే ఊళ్ళో పని సాగదన్నది నిజమే. అయితే పని ఆపగలిగినవాళ్ళే కబురు మోస్తారని ఎవరన్నారు? పంచాయతీ అరుగు మీద నలుగురూ రోజూ ఒకరితో ఒకరే మాట్లాడుకుంటారు. ఐదో మనిషి దాకా మాట పోదు.

సామాజిక సంబంధాల వలను చదివే శాస్త్రం ఈ సంగతే పట్టుకుంది. 1954లో అచ్చయిన వ్యాసంలో మానవశాస్త్రవేత్త జాన్ బార్న్స్ నార్వేలోని బ్రెమ్నెస్ ప్రజలను ఈ దృష్టితోనే చూశాడు. మనుషులు చుక్కలు, సంబంధాలు గీతలు. అప్పు ఎవరినడుగుతావు, జ్వరమొస్తే ఎవరికి చెబుతావు అని ఇంటింటా అడిగి గీతలు వేస్తారు. గీతలు ఎక్కువున్న చుక్కే ముఖ్యమనుకుంటే మళ్ళీ పప్పులో కాలేసినట్టే. కొండ అంచున కొండదొరల గూడెం ఉందనుకోండి. చీపుర్లూ చింతపండూ సంతకు తెచ్చే ఒకావిడకు కింద ఊళ్ళో తెలిసింది కిరాణా కొట్టాయన ఒక్కడే. ఆ ఒక్క గీత తెగితే గూడేనికి కబురే లేదు. ఈ మండలంలో ఇలాంటి గూడేలు షెడ్యూల్డు ప్రాంతం బయటున్నాయి. ఏజెన్సీ చట్టాల అండ లేదు. పథకాల సంగతి అందరికంటే ముందు తెలియాల్సింది వాళ్ళకే. మీటింగుకు ఆవిణ్ణి పిలిచేదెవరు?

ఎవరికి చెబితే కబురు ఎక్కువమందికి చేరుతుందో కర్ణాటకలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 213 గ్రామాల్లో పరీక్షించింది. సెల్‌ఫోన్లు గెలుచుకునే లాటరీ కబురును కొన్ని ఊళ్ళలో పెద్దల చెవిన, కొన్నిచోట్ల ఊరివాళ్ళే 'వీళ్ళకు చెబితే అందరికీ చేరుతుంది' అని పేరు పెట్టినవాళ్ళ చెవిన వేశారు. ఊరివాళ్ళు చెప్పినవాళ్ళ ద్వారానే కబురు ఎక్కువమందికి చేరింది. 2019లో అచ్చయిన ఫలితమిది. మనం మాత్రం ఇంకా అరుగు దగ్గరే ఉన్నాం.

ఈ గీతల బలం వ్యాపారులకు ఎప్పుడో తెలుసు. 2010లో మన రాష్ట్రం సూక్ష్మరుణ సంస్థల బలవంతపు వసూళ్ళపై ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. గ్రూపులో ఒకరి బాకీకి మిగతావాళ్ళ చేత ఒత్తిడి పెట్టించడమే ఆ వసూళ్ళ కిటుకు.

ఎంపీడీవో గారూ, తర్వాతి పథకం సమావేశానికి ముందు ఇంటింటా ఒక్క ప్రశ్న అడిగించండి: ఏదైనా ఊరందరికీ తెలియాలంటే ఎవరి చెవిన వెయ్యాలి? గూడేల్లోనూ అడిగించండి. వాళ్ళు చెప్పిన పేర్లవారికి కుర్చీలు వేయించండి.