తడబడే ఎర

ఫిన్లండులోని పైయన్నె సరస్సులో చేపలు పట్టి కుటుంబాన్ని పోషించుకొంటున్న లౌరి రాపాలా అనే జాలరి ఒక సంగతి గమనించాడు. పెద్ద చేప చిన్న చేపల గుంపుపై పడినప్పుడు, అందులో దెబ్బతిని తడబడుతున్న దానినే ఎన్నుకొంటుంది. 1936లో ఆయన కార్కు బెండును చేప ఆకారంలో చెక్కి, చాకొలెట్టు రేకు చుట్టి, కరిగించిన ఫోటో నెగెటివులతో పూత పూశాడు. నీటిలో అది గాయపడిన చేపలాగే ఊగింది. మాటిమాటికి ఎర గుచ్చే శ్రమ తప్పింది.

1962 ఆగస్టులో, మార్లిన్ మన్రో ముఖచిత్రంతో వెలువడిన ‘లైఫ్’ సంచిక ఈ ఎరను గురించి వ్రాయగా, అమెరికాలో గాలపు వేట ప్రియులు దానికోసం ఎగబడ్డారు. బాస్ చేపల వేటలోనూ అది స్థిరపడింది.

దాని విలువ రంగులో కన్న ఊపులో ఉంది. లాగేటప్పుడు ఎర ఎడమకు ఒరిగితే, దారం కట్టే తీగచుట్టును పటకారుతో వెంట్రుకవాసి కుడికి వంచాలి. దారాన్ని ఆ చుట్టుకు బిగించక, చిన్న ఉచ్చు వదలి ముడి వేయాలి. తేలికైన ఎరకు సన్నని దారం, సులువుగా వంగే కర్ర తగినవి. రీలు బిగువును సాధారణంగా దారం భరించే బరువులో మూడవ వంతు దాటనీయరు.

ఎంత ఖరీదైన ఎర అయినా, తిన్నని దారిలో తడబడితేనే చేప నమ్ముతుంది.