మెడ నిలపని బిడ్డ



నెలలు గడిచినా పసిబిడ్డ మెడ నిలపకపోతే, "కొందరికి ఆలస్యమే, కంగారు పడకండి" అంటారు పెద్దలు. చాలాసార్లు అది నిజమే. కాని కాళ్లు కప్పకాళ్లలా వాలిపోయి, ఏడుపు సన్నగిల్లి, పాలు తాగడానికే అలసిపోతూ, బిడ్డ పొట్టతోనే ఊపిరి తీస్తుంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. అది స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ కావచ్చు.

మెదడు ఆజ్ఞను కండరాలకు అందించే నాడీకణాలు వెన్నుపాములోను, మెదడు అడుగుభాగంలోను ఉంటాయి. 1995లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు కనుగొన్న ఎస్.ఎం.ఎన్.1 అనే జన్యువు లోపిస్తే, ఆ కణాలకు కావలసిన మాంసకృత్తి చాలక అవి చనిపోతాయి. తీవ్రమైన జబ్బులో మెదడు లోపలి థాలమస్ కణాలు కూడా దెబ్బతిన్నట్లు కనిపించింది. అయినా బిడ్డ తెలివికి లోటుండదు. తల్లిని గుర్తుపడుతుంది, నవ్వుతుంది. చికిత్స లేకపోతే ఇటువంటి పిల్లల్లో ఎక్కువమంది రెండేళ్లు నిండకముందే శ్వాస అందక మరణిస్తారు.

అప్పుడు ఇంట్లో లేచే ప్రశ్న, "ఇది ఎవరి పాపం?" నింద తరచుగా కోడలి మీద పడుతుంది. పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగినదీ ఇదే. ప్రభువు ఆ నిందను ఎవరిమీదా మోపలేదు. వైద్యమూ మోపదు. లోపమున్న జన్యువు సాధారణంగా తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు మందులున్నాయి. 2021లో మన హైదరాబాదులో ఒక చిన్నారికి దాదాపు 16 కోట్ల రూపాయల ఇంజెక్షన్ ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని వేలమంది తలా కొంత వేసి ఆ సొమ్ము కూర్చారు. నోటితో తాగే రిస్డిప్లామ్ సీసా ఆరు లక్షలు పైగా ఉండేది. 2025 అక్టోబరులో కోర్టు తీర్పుల తరువాత హైదరాబాదుకు చెందిన నాట్కో కంపెనీ దానిని 15,900 రూపాయల ధరకు విడుదల చేసింది.

అయితే చనిపోయిన కణాన్ని ఏ మందూ లేపలేదు. మిగిలిన వాటిని కాపాడుతుంది, అంతే. కనుక ప్రతి వారమూ విలువైనదే.

కొత్తగూడ, కొండాపూర్ వైపు కొత్తగా కాపురాలు పెట్టిన ఉద్యోగస్తులు ఎందరో ఉన్నారు. బంధువుల్లో ఇటువంటి బిడ్డ పుట్టి ఉంటే, గర్భం దాల్చకముందే భార్యాభర్తలు రక్తపరీక్ష చేయించుకోండి. నిమ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్య విభాగం ఉన్నది. అత్తమామలారా, జబ్బు బిడ్డతో వచ్చిన కోడలిని కారణమడగకండి. రాత్రి కాసేపు బిడ్డను మీరెత్తుకుని, ఆ తల్లిని నిద్రపోనివ్వండి.