దుమ్ముకు సరిహద్దు లేదు, ఫోటోకూ లేదు

ఆషాఢం గాలి మొదలైతే కె.జి.ఎఫ్.లో మా చిన్నమ్మ ఇంటి కిటికీలు మూసే ఉంటాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు గానీ, బంగారం తీసినాక మిగిలిన సైనైడ్ దిబ్బలు అట్లే నిలబడి ఉన్నాయి. గాలి లేస్తే ఆ దుమ్ము ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద, అన్నం గిన్నె మీద పడుతుంది. "గని మాది కాదు, బంగారం మాది కాదు, దుమ్ము మాత్రం మాదా?" అంటుంది మా చిన్నమ్మ. ఆమె చదివింది ఏడో తరగతి. కానీ అంతర్జాతీయ చట్టంలో పెద్ద పెద్ద పండితులు ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న ప్రశ్న కూడా అదే.

మాస్తి పిల్లకు అంతర్జాతీయ చట్టంతో ఏమి పని అని మీరు అడగవచ్చు. మా ఊరి పేరు చెప్తే అందరికీ కథలే గుర్తుకొస్తాయి, మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారి పుణ్యాన. చట్టం గుర్తుకు రాదు. నాకూ వచ్చేది కాదు. పోయిన ఏడాది మా చిన్నమ్మ కూతురికి జరిగింది చూసినాక వచ్చింది.

ఆ పిల్ల పేరు ఇక్కడ వ్రాయను. పెళ్లిలో తీసుకున్న ఆమె ఫోటోను ఎవరో మార్చి, ఆమె పేరుతోనే దొంగ ఖాతా తెరిచి పెట్టినారు. మా చిన్నాన్న ఆమెను వెంటబెట్టుకొని ఫిర్యాదు ఇచ్చి వచ్చినాడు. అక్కడివాళ్లు మంచిగానే మాట్లాడినారు. కానీ చివరికి చెప్పిన మాట ఒకటే: "ఆ కంపెనీ మన దేశంది కాదమ్మా, వివరాలు అడిగినాము, రావాల." వారాలు గడిచినాయి. ఆ ఖాతా పోయింది, ఇంకొకటి వచ్చింది. ఈలోపల ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్ తీసేసుకున్నారు. ఆ తర్వాత కాలేజీ కూడా మాన్పించినారు. తప్పు చేసినవాడు ఎవరో, ఏ ఊరివాడో తేలలేదు. శిక్ష మాత్రం ఆ పిల్లకు పడింది.

మన దేశంలో చట్టం లేక ఇట్లా జరగలేదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 66ఇ, 67 సెక్షన్లు ఇట్లాంటి నేరాల కోసమే ఉన్నాయి. మన దేశంలోని కంప్యూటర్‌కు సంబంధించిన నేరమైతే, చేసినవాడు పరాయి దేశంలో ఉన్నా మన చట్టం వర్తిస్తుందని 75వ సెక్షన్ చెప్తుంది. మార్ఫింగ్ ఫోటో మీద బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో చర్య తీసుకోవాలని 2021 నియమాల్లో మొదట పెట్టినారు. అంటే చట్టం చెయ్యి పొడవే. కానీ ఆ చెయ్యి సముద్రం దాటి అవతల తలుపు తట్టాలంటే, అవతలి దేశం తలుపు తీయాల. ఆ తలుపు తీయించేదే ఒప్పందం. దేశానికీ దేశానికీ మధ్య వ్రాసుకున్న కాగితం.

ఇప్పుడు మళ్లీ దుమ్ము దగ్గరికి వస్తాను. కెనడాలో, అమెరికా సరిహద్దు పక్కనే ట్రెయిల్ అనే ఊరుంది. అక్కడ సీసం, జింకు కరిగించే కర్మాగారం పొగ సరిహద్దు దాటి అమెరికా రైతుల పంటల మీద పడింది. రెండు దేశాలూ మధ్యవర్తుల దగ్గరికి పోయినాయి. 1941లో తుది తీర్పు వచ్చింది. తన నేల మీదినుంచి పొగ పోయి పక్క దేశానికి తీవ్రమైన నష్టం చేస్తుంటే, ఊరికే చూస్తూ కూర్చునే హక్కు ఏ దేశానికీ లేదన్నది దాని సారం. మా చిన్నమ్మ ప్రశ్నకు దొరికిన మొదటి జవాబు అది.

ఆ జవాబును సూత్రాలుగా వ్రాసి పెట్టినది ఒక తెలుగాయన అని తెలిసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. ఆయన పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, అమెరికాలోని యేల్‌లో డాక్టరేట్ చేసినారు. సముద్ర సంపద ఎవరిది అన్న విషయం మీద ఆయన పుస్తకం 1975లో వచ్చింది. మన విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా చాలా ఏళ్లు పనిచేసినారు. 1987 నుంచి 2006 దాకా ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సభ్యులు. ప్రమాదకరమైన పనులవల్ల సరిహద్దు దాటి జరిగే నష్టాన్ని ముందే ఎట్లా ఆపాలి అన్న విషయం ఆయనకు అప్పగించినారు. 2001లో కమిషన్ 19 సూత్రాలు పూర్తి చేసింది. మన కె.జి.ఎఫ్. గని మూసిన ఏడాదే. అవి ఇంకా ఒప్పందంగా మారలేదు. అయినా 'తగిన జాగ్రత్త తీసుకోవడం రాజ్యం బాధ్యత' అన్న మాట వాటిలో గట్టిగా నిలబడింది.

ఆ మాటే ఇప్పుడు పొగనుంచి సైబర్ ప్రపంచానికి నడిచి వచ్చింది. తన భూభాగంలోని కంప్యూటర్లతో ఇంకొక దేశానికి హాని చేసే చట్టవిరుద్ధమైన పని జరుగుతోందని తెలిసి తెలిసి ఏ దేశమూ ఊరుకోకూడదని, 2015లో ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం వ్రాసింది. అది కట్టుబడి తీరాల్సిన చట్టం కాదు, ఇష్టపడి పాటించే నియమం. కానీ పునాది రాయి పడింది. పొగకు చెప్పిన న్యాయం దొంగ ఖాతా దగ్గరికి కూడా రావాల, వస్తుంది అని నేను నమ్ముతున్నాను.

ఈ పని ఒకరితో అయ్యేది కాదు. పాటిబండ్ల చంద్రశేఖరరావు గారని ఇంకొక తెలుగాయన, జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానంలో 1996 నుంచి 2017 దాకా న్యాయమూర్తి. 1999 నుంచి 2002 దాకా దానికి అధ్యక్షులు. 2012లో కేరళ తీరంలో ఇటలీ నావికులు కాల్చిన కాల్పుల్లో ఇద్దరు మత్స్యకారులు చనిపోయినారు కదా, ఆ కేసు మధ్యవర్తుల ముందుకు పోయినప్పుడు మన దేశం తరఫున నియమించింది ఆయననే. 2018లో ఆయన కాలం చేస్తే, ఆ కుర్చీలో శ్రీనివాసరావు గారు కూర్చున్నారు. 2020 తీర్పులో, ఆ నావికులకు మన కోర్టుల నుంచి మినహాయింపు ఉందని ఎక్కువమంది అంటే, ఒప్పుకోనని వేరుగా వ్రాసినవారిలో ఆయన ఒకరు. ఓడిపోయే పక్షమని తెలిసినా తన మాట కాగితం మీద పెట్టినారు. పండితుడంటే అట్లా ఉండాలని నాకనిపించింది.

ఇక్కడ మనం, ఆడపిల్లలం, ఒక సంగతి గమనించాల. ఆ న్యాయ కమిషన్ 1947లో ఏర్పడింది. అందులోకి మొదటిసారి స్త్రీలు ఎన్నికైంది 2001లో, అదీ ఇద్దరే. అంటే యాభై ఏళ్లకు పైగా లోకానికి నియమాలు వ్రాసిన ఆ గదిలో ఒక్క ఆడమనిషీ లేదు. మన దేశంనుంచి సముద్ర న్యాయస్థానానికి 2017లో నీరూ చద్దా గారు ఎన్నికైనారు. అక్కడికి పోయిన మొదటి భారతీయ మహిళ ఆమే. దారి ఇప్పుడిప్పుడే తెరుచుకుంటోంది. ఆడపిల్ల ఫోటోకు జరిగే అవమానాన్ని మగవాళ్లు మాత్రమే కూర్చొని నిర్వచిస్తే, ఆ నిర్వచనంలో మా చెల్లెలి కాలేజీ ఎక్కడ కనబడుతుంది?

2024 డిసెంబర్ 24న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ సైబర్ నేరాల మీద కొత్త ఒప్పందాన్ని ఆమోదించింది. 2025 అక్టోబర్‌లో వియత్నాంలోని హనోయిలో సంతకాలు మొదలైనాయి. 40 దేశాలు ఖరారు చేసినాక అమలులోకి వస్తుంది. అనుమతి లేకుండా అంతరంగిక చిత్రాలు బయటపెట్టడం నేరమని దానిలో 16వ అధికరణం ఉంది. సాక్ష్యాలు ఒక దేశం ఇంకొక దేశానికి ఎట్లా ఇవ్వాలో కూడా ఉంది. అది చదివినప్పుడు, మా చిన్నాన్నకు చెప్పిన "రావాల" అన్న మాటకు ఇది మందు అనుకున్నాను.

కానీ ఆ మందుకే ఇంకొక ముఖం ఉంది. మానవ హక్కుల సంఘాలు దీనిని గట్టిగా విమర్శించినాయి. ప్రభుత్వాలు తమకు నచ్చని మాటలు వ్రాసినవాళ్ల మీద నిఘా పెట్టడానికి కూడా ఇదే దారి అవుతుందని వాళ్ల భయం. అది ఉత్త భయం కాదు. మన దేశంలోనే 66ఎ సెక్షన్ కింద ఫేస్‌బుక్‌లో వ్రాసినందుకు అమ్మాయిలను అరెస్టు చేసినారు. దానిని సవాలు చేసినది శ్రేయా సింఘాల్, అప్పటికి ఇరవై ఒక్కేళ్ల పిల్ల. 2015 మార్చి 24న సుప్రీం కోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. అందుకే నేననేది: గట్టి చట్టం కావాలని అడిగితే చాలదు, ఆ చట్టం మన నోరే నొక్కకుండా చూసేవాళ్లు కూడా మనలోనుంచే రావాల.

"ఇవన్నీ పెద్ద దేశాల మాటలు, మన దాకా వచ్చేవా?" అని మా రూములో ఒక అక్క అడిగింది. ఈ గోడపత్రిక పక్కనే అంతర్గత ఫిర్యాదుల కమిటీ నోటీసు ఉంది, చూడండి. స్త్రీల మీద వివక్ష పోవాలని 1979లో ఐక్యరాజ్య సమితి ఒక ఒప్పందం చేసింది. 1993లో మన దేశం దానిని ఆమోదించింది. పనిచేసే చోట వేధింపులను ఆపే చట్టం అప్పటికి మనకు లేదు. 1997లో విశాఖ కేసులో సుప్రీం కోర్టు ఆ ఒప్పందాన్నే ఆధారం చేసుకొని నియమాలు పెట్టింది. 2013లో అవి చట్టమైనాయి. అట్లా దేశాల సంతకాలు మన వరండా గోడ దాకా నడిచి వచ్చినాయి. నెమ్మదిగా వచ్చినాయి, కానీ వచ్చినాయి.

ఇంకొక మాట: "తెలుగు చదివేవాళ్లకు లా ఎందుకు? ఇంగ్లీషు కావాల కదా?" ఇంగ్లీషు కావాల, నిజమే. అది నేర్చుకుంటే వస్తుంది. కానీ ఒప్పందాల చట్టంలో సగం పని మాట అర్థం మీదే. ఒప్పందాల మీద 1969లో జరిగిన వియన్నా ఒప్పందం ఏమంటుందంటే, మాటను దాని మామూలు అర్థంలో, ముందూ వెనకా చూసి, అది ఎందుకు వ్రాసినారో గుర్తుంచుకొని, మంచి మనసుతో చదవాలంట. మన క్లాసులో తిక్కన పద్యం ముందు పెట్టుకొని మేడమ్ గారు మనతో చేయించేది ఇంకేమిటి? శ్రీకృష్ణ రాయబారంలో ఎవరు ఏ మాట ఎందుకన్నారో గంటసేపు వాదించుకున్నాము. మార్ఫింగ్ చేసిన ఫోటో కూడా ఆ 16వ అధికరణం చెప్పే 'చిత్రం' అవుతుందా కాదా అన్నది రేపు ఏదో కోర్టులో మాట మాటగా వాదించాల్సిన సంగతే. ఆ వాదనకు మనం పనికిరామా?

ఏ డిగ్రీ చేసినా మూడేళ్ల లా కోర్సులో చేరవచ్చు. అందరూ హాంబర్గ్ పోవాలని నేనడం లేదు. తాలూకా కోర్టులో నిలబడి, "ఈ ఒప్పందంలో ఇట్లా ఉంది" అని తెలుగులో, కన్నడంలో ఒక తల్లికి చెప్పగలిగే మనిషి కూడా ఆ పండితుల వరుసలోనే ఉన్నట్టు. మన శాఖలో ఒక పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఎక్కడ ఫిర్యాదు చేయాలో, స్క్రీన్‌షాట్, లింకు, తేదీ ఎట్లా దాచుకోవాలో, ఏ సెక్షన్ ఏమంటుందో నాలుగు పేజీల్లో సులువైన తెలుగులో వ్రాద్దాము. మేడమ్ గారు దిద్ది ఇస్తే, వచ్చే సంచిక బదులు అదే ఈ గోడ మీద పెడదాము.

మా చెల్లెలు ఇప్పుడు ఇంట్లోనే ఉంది. పోయిన వారం ఫోన్‌లో (వాళ్లమ్మ ఫోన్‌లో) ఈ వ్యాసం చదివి వినిపించినాను. అంతా విని, "అక్కా, ఆ లా కాలేజీకి పీయూసీ అయితే చాలా?" అని అడిగింది. ఐదేళ్ల కోర్సుకు చాలని చెప్పినాను. వాళ్లమ్మ పక్కనుంచి ఏమీ అనలేదు. వద్దని మాత్రం అనలేదు.